లాటిన్ క్రియ ‘దేలేరె’: తుడిచివేయడం నుంచి నేలమట్టం దాకా, తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీలో లాటిన్ మాటలన్నీ తెలుగు లిపిలోనే ఇచ్చాం. ఎ–ఏ, ఒ–ఓ తేడా తెలుగు రాతలో స్పష్టంగా ఉంటుంది కాబట్టి హ్రస్వదీర్ఘాలను రాసినట్టే పలకండి. ‘ద’ను తెలుగు ‘ద’లాగే పలకాలి. ఇంగ్లీషు అలవాటుతో ‘డ’ చేయకండి.

నిఘంటువులో ‘దేలేరె’ అని వెతికితే దొరకడం లేదు. ఎందుకు?

లాటిన్ నిఘంటువుల్లో క్రియలు ‘నేను చేస్తాను’ అనే రూపం కింద ఉంటాయి. ఈ క్రియకు ఆ రూపం ‘దేలెఓ’. దాని పక్కన మరో మూడు రూపాలు ఇస్తారు. మొత్తం నాలుగు: దేలెఓ (తుడిచివేస్తాను), దేలేరె (తుడిచివేయడం), దేలేవీ (తుడిచివేశాను), దేలేతుం (దీన్నుంచే ‘తుడిచివేయబడిన’ అనే విశేషణం ‘దేలేతుస్’ వస్తుంది). ఈ నాలుగూ నోటికి వస్తే మిగతా రూపాలన్నీ వీటి నుంచే కట్టుకోవచ్చు.

‘దేలేరె’లో రెండో అక్షరం దీర్ఘం, ‘దేలెఓ’లో హ్రస్వం. అచ్చుతప్పు కాదు. లాటిన్‌లో ఒక అచ్చు వెంటనే ఇంకో అచ్చు వస్తే మొదటిది సాధారణంగా కురచబడుతుంది. ఊనిక కూడా దాంతో పాటే మారుతుంది: ‘దేలెఓ’లో మొదటి అక్షరం మీద, ‘దేలేరె’లో ‘లే’ మీద.

అసలు అర్థం నాశనం చేయడమా, చెరిపివేయడమా?

రెండూ. రాత మీద వాడితే చెరపడం, ఊరి మీదో సైన్యం మీదో వాడితే ఆనవాలు లేకుండా చేయడం. తెలుగు పాఠకులకు ఇది కొత్త కాదు. పలక తుడుస్తాం, తుపానుకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయనీ అంటాం. అందుకే అనువాదంలో మొదట ‘తుడిచివేయు’ను ప్రయత్నించమని మా సలహా. అది కుదరని చోట ‘నాశనం చేయు’కు వెళ్లండి. సగం కూలిన గోడకు, దెబ్బతిన్న పంటకు రోమన్లు మామూలుగా ఈ క్రియ వాడరు. పని పూర్తయింది, వెనక ఏమీ మిగల్లేదు అన్న భావం ఇందులో ఉంటుంది.

ఈ మాట ఎలా పుట్టింది?

రెండు వాదాలున్నాయి.

మొదటిది ‘లినెరె’ అనే క్రియతో ముడిపెడుతుంది. లినెరె అంటే పూయడం, అలకడం, మెత్తడం. కీళ్ల నొప్పులకు రుద్దుకునే ‘లినిమెంట్’ ఆ కుటుంబంలోదే. దాని నాలుగు రూపాలు లినో, లినెరె, లేవీ, లితుం. ‘లేవీ’ నిజంగా వాడుకలో ఉండేదనడానికి రోమన్ కవి హొరేస్ సాక్ష్యం ఉంది. ఒక గీతంలో తన చేత్తోనే ద్రాక్షసారా జాడీకి మూత మెత్తి మూశానని చెప్పడానికి ఆయన ఈ రూపమే వాడాడు. దీని ముందు ‘నుంచి, కిందికి, పూర్తిగా’ అనే అర్థమున్న ‘దే’ చేరిస్తే ‘దేలేవీ’, అంటే అలికి తీసేశాను. మైనం పలక మీద రాతను చెరపడమంటే మైనాన్ని మళ్లీ అలకడమే కనుక అర్థం చక్కగా కుదురుతుంది.

మరి ‘దేలినో’ ఉండాల్సిన చోట ‘దేలెఓ’ ఎలా వచ్చింది? పోలిక వల్ల. లాటిన్‌లో ‘ఫ్లెఓ, ఫ్లేవీ’ (ఏడుస్తాను, ఏడ్చాను) వంటి జంటలున్నాయి. ‘దేలేవీ’ని విన్నవాళ్లు దాన్నీ ఆ వరుసలో చేర్చి, వెనక్కి లెక్కగట్టి ‘దేలెఓ’ను తయారుచేశారు. ‘ఫ్లేతుస్’ను చూసి ‘దేలేతుస్’ కూడా వచ్చింది. లేకపోతే అది ‘దేలితుస్’ అయ్యేది.

రెండో వాదం ప్రకారం ఇది ‘దే’కు, నాశనార్థమున్న ‘ఒలెఓ’ అనే పాత ధాతువుకు సంధి. ‘రద్దుచేస్తాను’ అనే ‘అబొలెఓ’లోనూ ఆ ధాతువే ఉందని, గ్రీకులో ‘ఒల్లూమి’ (నాశనం చేస్తాను) దాని చుట్టమని ఈ పక్షం వాళ్లు చెబుతారు. ధ్వనిపరంగా ఇది అసాధ్యం కాదు. ‘దే’, ‘అగో’ కలిసి ‘దేగో’ అయ్యాయి. ‘దే’, ‘హబెఓ’ కలిసి ‘దేబెఓ’ (అప్పుపడ్డాను) అయింది, మన బ్యాంకు పాస్‌బుక్కులోని ‘డెబిట్’ దాని బిడ్డే.

మా మొగ్గు మొదటి వాదం వైపు. రాత చెరపడం అనే అర్థం ఈ క్రియకు చివరి దాకా అంటిపెట్టుకునే ఉంది. నాశనార్థం నుంచి బయలుదేరితే రాత తుడిచే స్పాంజి, మైనం దాకా రావడానికి చుట్టుదారి పట్టాలి. అలకడం నుంచి బయలుదేరితే రోమన్లు తుడిచిపెట్టిన కార్తేజ్ నగరం దాకా దారి తిన్నగా ఉంది.

‘లయ’, ‘ప్రళయం’ మాటల్లోని సంస్కృత ధాతువు ‘లీ’తో సంబంధం ఉందా?

పాత తులనాత్మక నిఘంటువులు ‘లినో’నూ ‘లీ’ (అంటుకొను, కరిగి కలిసిపో)నూ జిగురుకు సంబంధించిన ఒకే మూలం కింద చేర్చాయి. తర్వాతివి ఇంత ధీమాగా కలపడం లేదు. ప్రళయానికీ కంప్యూటర్లో డిలీట్‌కూ ఒకే మూలమని సోషల్ మీడియాలో పోస్టు పెట్టాలని ఉంటే కాస్త ఆగండి.

రోమన్లు రాతను ఎలా చెరిపేవారు? ఏ పద్ధతికి ఏ క్రియ?

రాసిన వస్తువును బట్టి పద్ధతి, పద్ధతిని బట్టి క్రియ మారేవి. అనువాదకులు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

మైనం పలక: చెక్కపలకను అంచులు వదిలి లోపల కొద్దిగా తొలిచి, ఆ గుంతలో పల్చగా మైనం పోసేవారు. రాసే పుల్ల (స్తిలుస్) ఒక కొన సూదిగా, రెండో కొన చదునుగా ఉండేది. తప్పు పడితే పుల్లను తిప్పి, చదును కొనతో మైనాన్ని నొక్కి నున్నగా అలికేవారు. ‘పుల్ల తిప్పు’ అంటే దిద్దుకోవడం అనే నుడికారం అలా వచ్చింది. మంచి కవిత్వం రాయాలంటే తరచూ పుల్ల తిప్పమని హొరేస్ చెప్పింది దీని గురించే. గట్టిగా నొక్కి రాస్తే గీత మైనం దాటి చెక్కలోకి దిగుతుంది. మైనం పోయినా ఆ గీతలు చెక్క మీద మిగిలిన పలకలు తవ్వకాల్లో దొరికాయి. ఎన్నోసార్లు వాడిన పలకలో ఒకదాని మీద ఒకటి పడిన గీతలను విడదీసి చదవడం పెద్ద తలనొప్పి.

పపైరస్: దీపపు మసిని నీళ్లలో, జిగురులో కలిపి సిరా చేసేవారు. అది నార మీద పైపైన అంటుకుంటుంది, లోపలికి ఇంకదు. అందుకే తడి స్పాంజితో తుడిస్తే పోతుంది. ఇదే అసలు సిసలు ‘దేలేరె’. అగస్టస్ చక్రవర్తి ‘ఏజాక్స్’ అనే విషాద నాటకం మొదలుపెట్టి, నచ్చక చెరిపేశాడు. ‘మీ ఏజాక్స్ ఏమయ్యాడు?’ అని స్నేహితులు అడిగితే ‘స్పాంజి మీద పడి చచ్చాడు’ అన్నాడని రోమన్ చరిత్రకారుడు సూటోనియస్ రాశాడు. కథలో ఏజాక్స్ కత్తి మీద పడి చనిపోతాడు, చమత్కారం అదీ. మరో రోమన్ చక్రవర్తి కలిగులా ఇంకా ఘనుడు. ఇప్పటి ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జరిపిన వక్తృత్వ పోటీలో మరీ నచ్చని రచనలు చేసినవారిని తమ రాతలను స్పాంజితోనో నాలుకతోనో చెరుపుకోమన్నాడు. కాదంటే బెత్తం దెబ్బలు, లేదా పక్కనున్న నదిలో ముంచడం. సూటోనియస్ ఇక్కడ వాడిన క్రియ ‘దేలేరె’యే. నాలుకతో చెరపడం సాధ్యమైందంటే కారణం ఆ మసి సిరాయే.

తోలు కాగితం: మాజూకాయ, ఇనుప లవణం కలిపిన సిరా తోలును కొరికి లోపలికి దిగుతుంది, స్పాంజికి లొంగదు. కత్తితో గీకాలి, ప్యూమిస్ రాయితో రుద్దాలి. గీకడానికి క్రియ వేరు: ‘రాదెరె’, ‘ఏరాదెరె’. ఇంగ్లీషు ‘ఇరేజ్’, పిల్లల పెట్టెలోని ‘ఇరేజర్’ వీటి నుంచే. గీకినా సిరా జాడ లోపల మిగిలిపోతుంది. రోమన్ వక్త సిసిరో రాసిన ‘రాజ్యం గురించి’ చాలావరకు అలాగే బతికింది. దాన్ని గీకేసి పైన కీర్తనల వ్యాఖ్యానం రాసుకున్నారు. 1819లో వాటికన్ గ్రంథాలయంలో ఆంజెలో మాయ్ కింది రాతను గుర్తించాడు.

రాతి శాసనం: ఉలితో చెక్కేయాలి. ఇక్కడా ‘ఏరాదెరె’యే. డొమిషియన్ చక్రవర్తి చంపబడ్డాక అతని శాసనాలను అంతటా గీకేయాలని, జ్ఞాపకాన్ని రద్దుచేయాలని సెనేట్ తీర్మానించింది. ఆ వాక్యంలో ఉన్నవి ‘ఏరాదెరె’, ‘అబొలేరె’. ‘దేలేరె’ లేదు. రోమ్ ఫోరంలో క్రీ.శ. 203 నాటి సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి తోరణం మీద అతని చిన్న కొడుకు గేటా పేరు చెక్కేసి, ఖాళీని గేటా తండ్రి, అన్నల బిరుదులతో నింపిన వరుస ఇప్పటికీ తేడాగా కనిపిస్తుంది. ఈ ఆచారానికి వాడే ‘దమ్నాతియో మెమొరియే’ (జ్ఞాపకాన్ని ఖండించడం) అనే పేరు రోమన్లది కాదు, 17వ శతాబ్దపు పండితులు పెట్టింది.

‘కర్తాగో దేలెంద ఎస్త్’ (కార్తేజ్‌ను తుడిచివేయాలి) అని రోమన్ సెనేటర్ కేటో నిజంగా అన్నాడా?

ఆ మాటల్లో అన్నట్టు ప్రాచీన గ్రంథాల్లో ఎక్కడా లేదు. రోమన్ రచయితలు పెద్ద ప్లినీ, ఫ్లోరస్ పరోక్షంగా చెప్పారు: కార్తేజ్‌ను తుడిచివేయాలని కేటో సెనేట్‌లో అరిచేవాడని, ప్రకటించేవాడని. ప్లూటార్క్ గ్రీకులో రాశాడు కాబట్టి అక్కడ ఈ క్రియే లేదు. ‘కార్తేజ్ ఉండకూడదని నా అభిప్రాయం’ అని మాత్రం ఉంది. ఏ విషయం చర్చకు వచ్చినా కేటో చివర్లో ఈ ముక్క తగిలించేవాడని చెప్పింది కూడా ప్లూటార్కే. పాఠ్యపుస్తకాల్లో కనిపించే ‘కేతెరుం కేన్సెఓ కర్తాగినెం ఎస్సె దేలెందం’ (అదలా ఉంచితే, కార్తేజ్‌ను తుడిచివేయాలన్నది నా అభిప్రాయం) ఈ ముక్కలన్నీ కలిపి ఆధునికులు కూర్చిన వాక్యం. భావం కేటోది, కూర్పు తర్వాతివారిది. దీన్ని ఉల్లేఖన చిహ్నాల్లో పెట్టి కేటో పేరు కింద ముద్రించకండి.

కేటో క్రీ.పూ. 149లో చనిపోయాడు. రోమ్, కార్తేజ్‌ల మధ్య మూడో ప్యూనిక్ యుద్ధం మొదలైంది ఆ ఏడాదే. నగరం పడింది క్రీ.పూ. 146లో, రోమన్ సేనాని స్కిపియో ఎమీలియానుస్ చేతుల్లో. చరిత్రకారుడు అపియన్ లెక్క ప్రకారం చివరికి బిర్సా కోట నుంచి 50,000 మంది బయటికొచ్చి లొంగిపోయారు.

అది ‘దేలెంద’ ఎందుకైంది, ‘దేలెందం’ ఎందుకైంది?

‘-ంద్-’ చేరిన ఈ రూపానికి ‘చేయదగిన, చేయవలసిన’ అని అర్థం. సంస్కృతంలో ‘కర్తవ్యం’, ‘పూజనీయం’లోని తవ్య, అనీయ ప్రత్యయాలు చేసే పని ఇదే. తెలుగులో ‘-వలసిన’. మనం రోజూ వాడే అజెండా (చేయవలసినవి), రెఫరెండం (నివేదించవలసినది), ప్రొపగాండా (వ్యాప్తి చేయవలసినది) ఈ అచ్చులో పోసినవే.

ఈ రూపం విశేషణం కాబట్టి నామవాచకంతో లింగంలో, వచనంలో, విభక్తిలో సరిపోవాలి. కర్తాగో స్త్రీలింగం, ప్రథమా విభక్తి: కనుక ‘దేలెంద’. ‘అభిప్రాయపడుతున్నాను’ అనే క్రియ కింద చేరినప్పుడు కర్తాగో ద్వితీయకు మారి ‘కర్తాగినెం’ అవుతుంది. విశేషణమూ వెంట వెళ్లి ‘దేలెందం’ అవుతుంది, ‘ఎస్త్’ పోయి ‘ఎస్సె’ వస్తుంది. టీషర్టుల మీద, మీముల్లో ఎక్కువగా కనిపించే తప్పు ‘కర్తాగో దేలెందుం ఎస్త్’. అది నపుంసక రూపం. నగరం పేరు మార్చి హాస్యానికి వాడేటప్పుడు ముందు లింగం చూసుకోండి.

కార్తేజ్ నేలలో ఉప్పు చల్లారు కదా?

లేదు. ఏ ప్రాచీన రచయితా ఆ మాట చెప్పలేదు, ఆధునిక చరిత్ర పుస్తకాల్లో చేరిన కథ అది. పైగా ఆ చుట్టుపక్కల పొలాలు తర్వాత రోమ్‌కు ధాన్యం పంపాయి. అగస్టస్ కాలంలో అదే చోట రోమన్ నగరం లేచింది. శిథిలాలు ఇప్పుడు ట్యునీసియా రాజధాని ట్యునిస్ శివార్లలో ఉన్నాయి.

ఊళ్లు, రాతలు కాక ఇంకా వేటిని ‘దేలేరె’ చేయవచ్చు?

సైన్యాలను, పేర్లను, జ్ఞాపకాలను, మచ్చలను. సీజర్ గాల్ యుద్ధ వృత్తాంతంలో, క్రీ.పూ. 57 నాటి సాబిస్ పోరులో పారిపోయిన రౌతులు తిరిగొచ్చి, ఆ పరుగు తెచ్చిన సిగ్గును పరాక్రమంతో ‘దేలేరె’ చేసుకోవడానికి పోరాడారని ఉంది. తెలుగులో మచ్చ చెరిపేసుకోవడం అంటే సరిగ్గా సరిపోతుంది, ‘నాశనం’ అంటే వాక్యం కూలిపోతుంది. సిసిరో ఒకచోట ఊహల కల్పనలను కాలం తుడిచేస్తుందని, ప్రకృతి తీర్పులను గట్టిపరుస్తుందని అంటాడు. అదే సిసిరో కుట్రదారు కాటిలినాకు వ్యతిరేకంగా చేసిన నాలుగో ప్రసంగంలో, స్కిపియో కార్తేజ్, నుమాంటియా అనే రెండు నగరాలను ‘దేలేవిత్’ చేశాడంటాడు. అక్కడ తుడిచిపెట్టడమే.

లాటిన్ బైబిల్లో ఈ మాట ఎక్కడెక్కడ ఉంది?

ఆదికాండం 6:7లో దేవుడు తాను చేసిన మనిషిని భూమి మీద నుంచి ‘దేలేబో’ (తుడిచివేస్తాను) అంటాడు. ప్రకటన 3:5లో జీవగ్రంథం నుంచి పేరు ‘నోన్ దేలేబో’, తుడుపు పెట్టను. అన్నిటికన్నా ప్రసిద్ధం కీర్తన: ‘దేలే ఇనీక్వితాతెం మెఅం’. తెలుగు బైబిల్లో అది 51వ కీర్తన, అక్కడా ‘తుడిచివేయుము’ అనే ఉంది. లాటిన్ లెక్కలో ఇది 50వ కీర్తన కాబట్టి సంఖ్య చూసి వెతికేవారు జాగ్రత్త.

నాశనానికి లాటిన్‌లో ఇంకా చాలా క్రియలున్నాయి. ఎప్పుడు ఏది?

కట్టినదాన్ని విప్పి పడగొడితే ‘దేస్త్రుఎరె’ (ఇంగ్లీషు ‘డిస్ట్రాయ్’ దీని వంశం). తలకిందులు చేస్తే ‘ఏవెర్తెరె’. పొలాలు, పల్లెలు పాడుపెడితే ‘వాస్తారె’. గోడలు కూల్చితే ‘దీరుఎరె’. మంట, ప్రాణం, వంశం ఆర్పేస్తే ‘ఎక్స్‌స్తింగ్వెరె’. చెడగొట్టుకుని పోగొట్టుకుంటే ‘పెర్దెరె’. చట్టం, ఆచారం, జ్ఞాపకం రద్దయితే ‘అబొలేరె’. అనువదించేటప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి: పని అయ్యాక అక్కడ ఏం మిగిలింది? రాళ్ల గుట్ట మిగిలితే దేస్త్రుఎరె, బీడు మిగిలితే వాస్తారె, ఏమీ మిగలకపోతే దేలేరె.

రూపాలు కట్టేటప్పుడు ఎక్కడ తప్పు జరుగుతుంది?

వర్తమానం తేలిక: దేలెఓ, దేలేస్, దేలెత్, దేలేముస్, దేలేతిస్, దేలెంత్. భవిష్యత్తు ‘దేలేబో’, జరుగుతూ ఉన్న భూతం ‘దేలేబం’, ఆజ్ఞ ఒకరికైతే ‘దేలే’, పలువురికైతే ‘దేలేతె’.

తప్పులు భూతకాలంలో మొదలవుతాయి. రెండో గణంలో (‘దేలేరె’లా ‘-ఏరె’తో ముగిసే క్రియల వర్గంలో) చాలా క్రియల భూతరూపం ‘-ఉఈ’తో ముగుస్తుంది: మొనెఓ, మొనుఈ. ఆ అలవాటులో ‘దేలుఈ’ అని రాసేస్తారు. ‘-ఏవీ’ తీసుకునేవి ఈ గణంలో బహు కొద్ది: దేలెఓ, ఫ్లెఓ, నెఓ (వడుకుతాను), నింపడమనే అర్థంలో ‘-ప్లెఓ’ చేరిన కొంప్లెఓ వంటివి.

రెండో చిక్కు కుదింపు. ‘దేలేవిస్తీ’ నుంచి ‘వి’ జారి ‘దేలేస్తీ’, ‘దేలేవేరుంత్’ కాస్తా ‘దేలేరుంత్’, ‘దేలేవిస్సె’ కాస్తా ‘దేలేస్సె’ అవుతాయి. కవిత్వంలోనే కాదు, గద్యంలోనూ ఇవి ఎదురవుతాయి. ‘దేలేరుంత్’ను చూసి వర్తమానం అనుకోకండి, వర్తమానం ‘దేలెంత్’.

‘దేలేక్తుస్’ వేరే క్రియ (దేలిగో, ఎంచుకుంటాను) నుంచి వచ్చింది. ‘ఎంపిక చేసిన సైనికులు’ అని ఉన్నచోట ఒక్క ‘క్’ చదవకపోతే వాళ్లంతా తుడిచిపెట్టుకుపోతారు.

ఇంగ్లీషు ‘డిలీట్’ నేరుగా దీని నుంచే వచ్చిందా?

అవును, ‘దేలేతుస్’ నుంచి. ప్రూఫులు దిద్దేవారు తీసేయాల్సిన ముక్క పక్కన వేసే మెలిక గుర్తు పేరు ‘డిలీ’. అది ‘దేలే’ అనే ఆజ్ఞారూపమే. తీసేసినదాన్ని మళ్లీ ఉంచమనడానికి రాసే ‘స్టెట్’ కూడా లాటినే, ‘ఉండనీ’ అని.

‘ఇండెలిబుల్’ అంటే చెరగని. రోమన్ కవి ఓవిడ్ తన పేరు చెరగనిదై ఉంటుందని చెప్పుకున్నప్పుడు వాడిన ‘ఇందేలేబిలె’ దానికి మూలం. 1962 ఎన్నికల నుంచి మన వేలి మీద పెడుతున్న చెరగని సిరా పేరులో ఉన్నది ఇదే మాట. అందులోని సిల్వర్ నైట్రేట్ వెలుతురు తగిలి చర్మంలోనే నల్లబడుతుంది. అందుకే సబ్బు, స్పాంజి పనిచేయవు. చర్మం రాలి, గోరు పెరిగి పోవాల్సిందే.

జన్యు పరీక్ష నివేదికల్లో కనిపించే ‘డెల్’ కూడా డిలీషన్‌కు కురచ. ఉదాహరణకు సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యు వ్యాధిలో ‘ఎఫ్508డెల్’ అంటే ఆ వ్యాధికి కారణమైన ప్రొటీన్‌లో 508వ చోట ఉండాల్సిన ఫినైలలనీన్ అనే అమైనో ఆమ్లం లేదని. డీఎన్‌ఏలో మూడు అక్షరాలు పోయినందువల్ల అలా జరుగుతుంది.

అక్షరాలకు సంఖ్యలిచ్చే కంప్యూటర్ల ఆస్కీ పట్టికలో డిలీట్ సంఖ్య 127, అంటే ఏడు బిట్లూ ఒకట్లే. కారణం కాగితపు టేపు. టేపు మీద పొడిచిన రంధ్రాన్ని పూడ్చలేరు, కాబట్టి తప్పు అక్షరం పడితే వెనక్కి జరిపి మిగతా చోట్ల కూడా పొడిచేవారు. ఏడు రంధ్రాలూ ఉన్న వరుసను యంత్రం పట్టించుకోకుండా దాటిపోయేది. తీసేయడం కాదు, మీద అలికేయడం. లినెరెకు ఇంతకన్నా దగ్గరి వారసుడు ఇంకోటి కనిపించదు.

‘డెలిటీరియస్’ (హానికరమైన) కూడా ఈ కుటుంబమేనా?

కాదు. అది గ్రీకు ‘దేలేతేరియోస్’ నుంచి వచ్చింది, హాని చేయడమనే వేరే క్రియకు చెందినది. అలాగే ‘డిలైట్’ (దేలెక్తారె, ఆనందింపజేయడం నుంచి), ‘డెలీరియం’ (నాగలి చాలు తప్పడం అనే మాట నుంచి) కూడా చుట్టాలు కావు.